నీలం రాయి క్వారీలో డీజిల్, కార్బన్ తగ్గించడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి చుట్టుపక్కల నీలం గ్రానైట్ క్వారీ నడిపేవాళ్ళ కోసం, అందులో మేనేజరుగానో మేస్త్రీగానో పనిచేసేవాళ్ళ కోసం, పక్కనే పాలిషింగ్ యూనిట్ పెట్టుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. విజయనగరం జిల్లాలో చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు గనుల్లో ఉన్నవాళ్ళకి కూడా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది.

ముందు ఒక మాట. ప్రపంచం బొగ్గు, పెట్రోలు వదిలి సోలార్, గాలిమరలు, బ్యాటరీల వైపు వెళ్తోంది. అందుకు రాగి కావాలి, లిథియం కావాలి, నికెల్, మాంగనీసు కావాలి. అంటే భూమిని తవ్వడం తగ్గదు, పెరుగుతుంది. తవ్వే పనే డీజిల్ మీద నడిస్తే ఇక పొగ తగ్గేదెక్కడ? అందుకే పెద్ద గనుల కంపెనీల అంతర్జాతీయ మండలి ఐసీఎంఎం 2021లో తమ ఉద్గారాలను 2050కల్లా నికరంగా సున్నాకు తెస్తామని ప్రకటించింది. అదే ఏడాది గ్లాస్గో వాతావరణ సదస్సులో భారతదేశం 2070 గడువు పెట్టుకుంది. గ్రానైట్ బ్యాటరీలో పడే ఖనిజం కాదు, నిజమే. కానీ మన క్వారీలో తిరిగే పొక్లెయిను, టిప్పరు, కంప్రెసరు ఆ గనుల్లో తిరిగేవాటి లాంటివే. పైగా డీజిల్ ఖర్చు ప్రతి నెలా మన జేబు నుంచే పోతోంది.

కార్బన్ అనగానే చాలామంది నేరుగా సోలార్ ప్యానెళ్ళకో ఎలక్ట్రిక్ టిప్పరుకో కొటేషన్ అడుగుతారు. అది చివర్లో చేయాల్సిన పని. చిన్న, మధ్య తరహా క్వారీలో కార్బన్ ఎక్కువగా ఉండేది రెండు చోట్ల. ఒకటి, అమ్ముడుపోని రాయిని పగలగొట్టి, ఎత్తి, మోసి డంపులో పోయడానికి కాల్చే డీజిల్. రెండు, పని లేకుండా ఆన్‌లో ఉన్న ఇంజన్లు. ఈ రెండింటినీ పట్టుకోకుండా కొత్త మిషన్ కొంటే, అదే వృథాని ఖరీదైన మిషన్‌తో కొనసాగించినట్టే. కింద చెప్పిన వరుస కూడా అందుకే అలా పెట్టాను. వీలైనంతవరకు ఆ వరుసలోనే చేయండి.

1. ముందు ఒక నెల లెక్క రాయండి

ఇప్పుడు మీ దగ్గర ఉన్నది డీజిల్ బిల్లు మాత్రమే. ఏ బండి ఎంత తాగింది, ఎన్ని గంటలు తిరిగింది, ఆ గంటల్లో ఎంత రాయి వచ్చింది అన్నవి ఒకేచోట ఉండవు. ఒక రిజిస్టరు తీసుకుని ప్రతి మిషన్‌కీ ఒక పేజీ పెట్టండి. రోజూ రాయాల్సినవి మూడే: పోసిన డీజిల్, హవర్ మీటర్ రీడింగు, ఆ రోజు చేసిన పని. టిప్పరుకైతే హవర్ మీటర్ బదులు కిలోమీటర్లు, ట్రిప్పులు. డీజిల్‌ని బ్యారెల్ నుంచి డబ్బాతో కొలిచి పోసే అలవాటు ఉంటే మానేసి, మీటరున్న చిన్న పంపు పెట్టండి. కొలత సరిగా లేకపోతే మిగతా లెక్కంతా తప్పుతుంది.

నెలాఖరుకి ఒకే అంకె తీయాలి: అమ్మదగ్గ బ్లాకు క్యూబిక్ మీటరుకి ఎన్ని లీటర్లు. తవ్విన రాయికి కాదు, అమ్మదగ్గ బ్లాకుకి. ఈ తేడా చాలా ముఖ్యం. తవ్విన రాయితో భాగిస్తే ఎంత ఎక్కువ తవ్వితే అంత బాగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ. నెలకి 9,000 లీటర్లు కాలింది, 60 క్యూబిక్ మీటర్ల బ్లాకులు తేలాయి అనుకుందాం. క్యూబిక్ మీటరుకి 150 లీటర్లు. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు బరువు కిలో కూడా లేదు, రెండున్నర కిలోలు దాటి ఎలా వస్తుందని అడుగుతారు. డీజిల్‌లోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, ఆ ఆక్సిజన్ బరువు కూడా చేరుతుంది, అందుకని. 150ని 2.68తో గుణిస్తే క్యూబిక్ మీటరుకి సుమారు 400 కిలోలు. మీ క్వారీ అంకె దీనికి పైన ఉండొచ్చు, కింద ఉండొచ్చు. పక్క క్వారీతో పోల్చుకోకండి. కొండ వేరు, పై మట్టి లోతు వేరు, దారి వేరు. పోల్చాల్సింది మీ పోయిన నెలతో.

కరెంటు వాడుతుంటే ఆ యూనిట్లూ రాయండి. మన దేశ గ్రిడ్‌లో ఇప్పటికీ బొగ్గు వాటా ఎక్కువ కాబట్టి ఒక యూనిట్‌కి సుమారు 0.7 కిలోలు వేసుకోవాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఈ అంకెని ప్రచురిస్తుంది, తాజాది చూసుకోండి.

2. డంపులోకి పోయే రాయిని తగ్గించండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే అడుగు ఇదే. కార్బన్ గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని దాదాపు ప్రస్తావించరు. ఎందుకంటే ఇందులో కొనడానికి కొత్త మిషన్ ఏమీ ఉండదు.

పై లెక్కనే తీసుకోండి. అదే తవ్వకం, అదే 9,000 లీటర్లు. కానీ 60 బదులు 75 క్యూబిక్ మీటర్లు బ్లాకుగా తేలితే? క్యూబిక్ మీటరుకి 150 లీటర్లు కాస్తా 120కి దిగుతుంది. 400 కిలోల కార్బన్ 320 అవుతుంది. ఒక్క ఇంజన్‌ని ముట్టుకోకుండా అయిదో వంతు తగ్గింది. పైగా అమ్మడానికి 15 క్యూబిక్ మీటర్ల రాయి ఎక్కువ వచ్చింది.

ఎలా తేల్చాలి? మొదట, కొత్త బెంచి (కొండలో మెట్టులా తవ్వే అంచె) తెరిచే ముందు రాయిని చదవాలి. పగుళ్ళు, చీలికలు ఏ దిక్కుకి నడుస్తున్నాయి, ఎంత ఎడంలో ఉన్నాయి, నీలం ఎక్కడ తేలిపోయి బూడిద రంగుకి మారుతోంది, మచ్చ ఎక్కడ మొదలవుతోంది అన్నవి సుద్దతో రాతి మీదే గీసి, ఫోటో తీసి, ఒక కాగితం మీద బొమ్మ వేసుకోండి. బెంచి ముఖం ఆ పగుళ్ళకి అనుకూలంగా తిప్పితే, ప్రకృతే ఒకటి రెండు వైపులు కోసి ఇస్తుంది. అడ్డంగా పెడితే ప్రతి బ్లాకులో ఒక చీలిక దూరుతుంది, అది డంపుకే. ముప్పై ఏళ్ళుగా అదే కొండ మీద పనిచేస్తున్న మేస్త్రీకి ఇవి తెలుసు. అతన్ని కూర్చోబెట్టి అడిగి రాయించుకోండి. అతను రిటైరైపోతే ఆ తెలివి కూడా వెళ్ళిపోతుంది.

తరువాత మందు పేలుడు. బ్లాకు విడదీయడానికి పెట్టే మందు కాస్త ఎక్కువైతే రాయి కదులుతుంది కానీ లోపల వెంట్రుకవాసి పగుళ్ళు పడతాయి. అవి క్వారీలో కనబడవు. పాలిషింగ్ యూనిట్‌లో స్లాబు కోసి తడిపినప్పుడు కనిపిస్తాయి. అప్పటికి ఆ రాయి కోసం డీజిల్ కాలిపోయింది, లారీ తిరిగింది, బ్లేడు అరిగింది. డ్రిల్లు రంధ్రాలు వరసగా, దగ్గర దగ్గరగా, ఒకే లోతులో, తిన్నగా ఉంటే తక్కువ మందుతోనే రాయి విడుతుంది. కొన్నిచోట్ల మందు అసలు లేకుండా చీలలు కొట్టి, లేదా విస్తరించే రసాయన పొడి నింపి విడదీయొచ్చు. నెమ్మదిగా సాగే పనే. కానీ మంచి నీలం ఉన్న బెంచి మీద ఆ నెమ్మదే లాభం. పేలుడు పని మాత్రం సర్టిఫికెట్ ఉన్న బ్లాస్టర్ చేతి మీదుగానే జరగాలి, ఇందులో రాజీ వద్దు.

మూడోది, చిన్న రాళ్ళ మార్కెట్. గ్యాంగ్ సా (పెద్ద బ్లాకుని ఒకేసారి చాలా స్లాబులుగా కోసే మిషన్) సైజు తేలకపోతే చిన్న కట్టర్ మిషన్ సైజు, అదీ కాకపోతే టైల్సుకి, రోడ్డు పక్క కెర్బు రాళ్ళకి, మెట్లకి, స్మారక ఫలకాలకి, చివరికి క్రషర్‌కి. బెంచి మీదే రాళ్ళని రకాలుగా విడదీసి పేర్చుకోవాలి. ఒకసారి డంపులో పడేసి, ఆరు నెలల తరవాత పొక్లెయిన్‌తో కెలికి తీస్తే అదే రాయికి రెండుసార్లు డీజిల్ కాల్చినట్టు. వీటి అమ్మకానికి గనుల శాఖ పర్మిట్లు, సీనరేజి (రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) లెక్కలు ముందే సరిచూసుకోండి.

డంపు స్థలం కూడా చూడండి. చాలా క్వారీల్లో డంపు ఎక్కడ పెట్టాలో మొదటి ఏడాది ఎవరూ ఆలోచించరు. తరవాత కింద మంచి రాయి బయటపడుతుంది, కొండంత డంపుని ఇంకో చోటికి మార్చాలి. మైనింగ్ ప్లాన్‌లో చూపించిన స్థలంలోనే, రాయి లేదని తేలిన వైపే పోయండి.

3. ఖాళీగా తిరిగే ఇంజన్లు ఆపండి

పొక్లెయిన్ ఆన్‌లో ఉండి పని చేయకపోయినా గంటకి మూడు నాలుగు లీటర్లు తాగుతుంది. రోజుకి మూడు గంటలు అలా పోతే, గంటకి 4 లీటర్ల చొప్పున నెలకి 25 పనిరోజుల్లో 300 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకున్నా 28 వేల పైమాట. కార్బన్ 800 కిలోలు. ఒక్క మిషన్‌కి.

అయిదు నిమిషాలకి మించి పని లేకపోతే ఇంజన్ ఆపాలి అని బోర్డు పెట్టడం తేలిక. కానీ ఆపరేటర్ ఎందుకు ఆపడం లేదో ముందు తెలుసుకోండి. మే నెలలో మన వైపు ఉక్క ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చుట్టూ రాయి వేడెక్కి ఉంటుంది. క్యాబిన్‌లో ఏసీ ఆపితే అతను అక్కడ కూర్చోలేడు. బెంచికి దగ్గర్లో తాటాకు పందిరో షీటు షెడ్డో వేసి, తాగునీళ్ళు, ఒక బల్ల పెట్టండి. దిగి కూర్చోడానికి చోటుంటే ఇంజన్ ఆగుతుంది. బ్యాటరీ బలహీనమై మళ్ళీ స్టార్ట్ అవదేమో అనే భయం కూడా ఒక కారణం. బ్యాటరీ మార్చండి. టిప్పర్లు వరసలో నిలబడి ఆన్‌లోనే ఎదురు చూస్తుంటే తప్పు డ్రైవర్లది కాదు. ఒక పొక్లెయిన్‌కి అవసరానికి మించి టిప్పర్లు పెట్టినవాళ్ళది. ట్రిప్పు సమయం కొలిచి, ఒకదాన్ని తగ్గించి చూడండి.

డీజిల్ మిగిలిస్తే బోనస్ ఇవ్వడం మంచి పద్ధతే. అయితే మనిషి పేరున లీటర్లకి కట్టొద్దు. అలా కడితే బరువు పని పక్కవాడికి తోసేస్తారు, లేదా రాతలో తేడా వస్తుంది. మొత్తం టీముకి, క్యూబిక్ మీటరుకి ఎన్ని లీటర్లు అన్న అంకె మీద కట్టండి. డ్రిల్లర్ నుంచి టిప్పర్ డ్రైవర్ దాకా అందరికీ అందులో వాటా ఉండాలి.

4. కంప్రెసర్ గాలి ఎటు పోతోందో చూడండి

రాతికి రంధ్రాలు వేసే జాక్ హ్యామర్లకి గాలి ఇచ్చే కంప్రెసర్ చాలా క్వారీల్లో పెద్ద తాగుబోతు. గాలిని ఒత్తిడి చేయడంలో శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. మిగిలిన కాస్త కూడా పైపుల్లో కారిపోతే?

సాయంత్రం పని ఆగాక అన్ని హ్యామర్ల వాల్వులు మూసి, ట్యాంకు నిండా గాలి పట్టి కంప్రెసర్ ఆపండి. గేజి చూస్తూ వాచీ పట్టుకోండి. ముల్లు ఎంత వేగంగా పడితే కారడం అంత ఎక్కువ. జాయింట్ల మీద సబ్బు నీళ్ళు పూస్తే బుడగలు చోటు చూపిస్తాయి. లోడ్ (గాలి నింపడం), అన్‌లోడ్ (ఊరికే తిరగడం) అయ్యే ఎలక్ట్రిక్ కంప్రెసరైతే ఇంకా కచ్చితంగా చెప్పొచ్చు. వాడకం ఏమీ లేనప్పుడు 2 నిమిషాలు లోడ్‌లో, 6 నిమిషాలు అన్‌లోడ్‌లో ఉంటే, 8లో 2, అంటే పావు వంతు గాలి కారుతోందన్నమాట. సరిగా చూడని చోట్ల ఇంతా ఉంటుంది, ఇంకా ఎక్కువా ఉంటుంది. క్లాంపులు, వాషర్లు, పాత హోసులు మార్చడానికి అయ్యే ఖర్చు ఒక నెల డీజిల్ మిగులులోనే వచ్చేస్తుంది.

ప్రెషర్ అవసరానికి మించి పెట్టొద్దు. ఒక బార్ తగ్గిస్తే 6 నుంచి 10 శాతం శక్తి మిగులుతుంది. ప్రెషర్ పెంచాల్సి వస్తోందంటే సాధారణంగా హోసు మరీ పొడవైంది, లేదా సన్నగా ఉంది. కంప్రెసర్‌ని బెంచికి దగ్గరగా జరపండి, మెయిన్ లైను లావుది వేయండి. గాలి పీల్చే వైపు నీడలో, దుమ్ముకి దూరంగా ఉండాలి. లోపలికి వెళ్ళే గాలి 4 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం శక్తి ఎక్కువ పడుతుంది. ఫిల్టర్ రోజూ దులపండి.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పొడి డ్రిల్లింగ్‌లో లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం లేదు. డీజిల్ ఆదా పేరుతో నీటి పంపు ఆపేసి పొడిగా డ్రిల్ చేయించడం ఏ పరిస్థితిలోనూ చేయొద్దు. కార్బన్ తగ్గించడం మనుషుల కోసమే కదా.

5. దారి, నీళ్ళు

దారి గుంతలుగా, మెత్తగా ఉంటే టిప్పరు సమతలం మీద కూడా ఎత్తు ఎక్కుతున్నట్టే కష్టపడుతుంది. మన దగ్గర రాయికి కొదవ లేదు. డంపులోని చిన్న రాయినే క్రష్ చేసి పరిచి, రోలర్ తిప్పి, మధ్య ఎత్తుగా రెండు వైపులా నీరు జారేలా చేయండి. రవాణా దారి వాలు 16కి 1 దాటకుండా చూసుకోవడం భద్రతకీ డీజిల్‌కీ రెండిటికీ మంచిది. టైర్లలో గాలి వారానికోసారి చల్లగా ఉన్నప్పుడు కొలవండి.

వానాకాలంలో గొయ్యి చెరువైపోతుంది, డీజిల్ పంపు రోజంతా తోడుతుంది. పైనుంచి వచ్చే నీటిని గొయ్యిలోకి రానీయకుండా చుట్టూ కాలువ తవ్వితే తోడాల్సిన నీరే తగ్గుతుంది. జూన్‌కి ముందే పూర్తి చేయాలి. ఒక మూల లోతుగా గుంట పెట్టి అందులోకే నీరు చేరేలా చేసి, ఎలక్ట్రిక్ పంపు పెట్టి, ఆ నీటినే వైర్ సాకి (వైరుతో రాయి కోసే మిషన్, కింద చెప్తాను), దారి మీద చల్లడానికి వాడండి.

6. తరవాత కరెంటు

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. డీజిల్ నుంచి కరెంటుకి మారితే కార్బన్ మాయమైపోతుందని. లెక్క చూడండి. మంచి లోడ్ మీద ఉన్న డీజిల్ జనరేటర్ లీటరుకి మూడున్నర యూనిట్లు ఇస్తుంది, అంటే యూనిట్‌కి దాదాపు 0.77 కిలోలు. గ్రిడ్ కరెంటు 0.7 చిల్లర. తేడా పెద్దగా లేదు! అయినా మారమని ఎందుకు చెబుతున్నానంటే, క్వారీలో జనరేటర్ మంచి లోడ్ మీద ఉండేది తక్కువ సేపు. సగం లోడ్ కన్నా కిందికి పడితే లీటరుకి రెండు, రెండున్నర యూనిట్లే వస్తాయి, అప్పుడు యూనిట్‌కి కిలో దాటిపోతుంది. మోటారుకి ఆ బాధ లేదు, పని లేనప్పుడు ఆగిపోతుంది. గ్రిడ్‌లో సోలార్, గాలి వాటా పెరిగే కొద్దీ మీరేమీ చేయకుండానే మీ అంకె తగ్గుతుంది. జనరేటర్ పొగ మాత్రం పదేళ్ళ తరవాత కూడా అంతే. డబ్బు సంగతి చెప్పక్కర్లేదు: జనరేటర్ యూనిట్ డీజిల్ ఖర్చే 27 రూపాయల దాకా పడుతుంది, లైను కరెంటు అందులో చిన్న భాగం.

శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఈపీడీసీఎల్ (తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ) పరిధి. కనెక్షన్ అడిగే ముందు ఏ మోటార్లు ఒకేసారి నడుస్తాయో రాసుకుని ఆ మేరకే డిమాండ్ (ఒకేసారి వాడే గరిష్ఠ లోడు) పెట్టండి. అన్నిటినీ కూడేసి పెట్టుకుంటే వాడని డిమాండ్‌కి ప్రతి నెలా కట్టాలి. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే కెపాసిటర్లు మొదటి రోజు నుంచే ఉండాలి. గనిలో విద్యుత్ భద్రత డీజీఎంఎస్ (కేంద్ర గనుల భద్రత శాఖ) చూసే విషయం. నేల మీద ఈడ్చే కేబుళ్ళు, ఎర్త్ లీకేజి రక్షణ వాళ్ళ నిబంధనల ప్రకారమే వేయించండి.

మొదట కరెంటు మీదకి తేవాల్సింది కంప్రెసర్, నీటి పంపులు. తరవాత డైమండ్ వైర్ సా. 40 నుంచి 75 హార్స్‌పవర్ మోటారుతో, వజ్రపు పూసలు గుచ్చిన వైరుతో, నీళ్ళు పోస్తూ కోసే మిషన్ ఇది. రెండో అడుగులో చెప్పినట్టు అమ్మదగ్గ బ్లాకు ఎక్కువ తేలడానికి దీనంత సాయం చేసేది మరొకటి లేదు. కోత నున్నగా వస్తుంది, మందు వాడకం తగ్గుతుంది, డ్రిల్లింగ్ తగ్గుతుంది, బ్లాకు చదరంగా ఉండి కొలతలో పోయేది తక్కువ. వైరు తెగితే మాత్రం పూసలు తుపాకి గుళ్ళలా దూసుకొస్తాయి. వైరు తిరిగే వరసలో ఎవరూ నిలబడకుండా తాడు కట్టి, మిషన్‌కి రక్షణ తెర పెట్టి, ఆపరేటర్ పక్కకి నిలబడి నడపాలి.

వైర్ సా వస్తే జాక్ హ్యామర్ పని తగ్గుతుంది. ఆ పని చేసేవాళ్ళు మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. మిషన్ దిగిన రోజే వాళ్ళలోంచి మనుషుల్ని ఎంచి, అమ్మిన కంపెనీ టెక్నీషియన్ దగ్గర పని నేర్పించండి. దుమ్ము గాలిలో హ్యామర్ పట్టుకున్న మనిషికి మోటారు ప్యానెల్ దగ్గర పని దొరికితే, ఈ మార్పు మొత్తంలో నాకు అన్నిటికన్నా సంతోషమిచ్చేది అదే.

7. సోలార్ ఎప్పుడు, ఎలా

పంపులు, కంప్రెసర్, వైర్ సా కరెంటు మీదకి వచ్చి, పగటి వాడకం ఎంతో తెలిశాకే సోలార్. ఒక కిలోవాట్ ప్యానెళ్ళు సగటున రోజుకి 4 యూనిట్ల దాకా ఇస్తాయి. వానాకాలంలో తక్కువ, ఫిబ్రవరి నుంచి మే వరకు ఎక్కువ. 50 కిలోవాట్లకి ఏడాదికి 70 వేల యూనిట్లు అనుకుంటే, 50 టన్నుల దాకా కార్బన్ తగ్గుతుంది. పాలిషింగ్ యూనిట్ రేకుల షెడ్డు మీద స్థలం ఉంటే అక్కడే మొదలుపెట్టండి. క్వారీలో పెడితే పేలుడుకి రాళ్ళు ఎగిరొచ్చే దూరానికి బయట, గాలి వాలున దుమ్ము కొట్టని వైపు పెట్టాలి. దుమ్ము పట్టిన ప్యానెల్ సరిగా పని చేయదు కాబట్టి కడగడానికి నీళ్ళు, మనిషి ముందే చూసుకోవాలి.

మన తీరంలో తుపాను మర్చిపోయి సోలార్ పెట్టకూడదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. 2014లో హుద్‌హుద్ విశాఖని ఎలా చేసిందో తెలిసిందే. కొటేషన్‌లో ప్యానెల్ వారంటీ కన్నా ముందు స్ట్రక్చర్ ఎంత గాలివేగానికి డిజైన్ చేశారో రాతపూర్వకంగా అడగండి. షెడ్డు ఆ బరువుని, ఆ ఎగదన్నే గాలిని తట్టుకుంటుందా అని ఇంజనీరుతో చూపించండి. ఇన్సూరెన్స్‌లో తుపాను స్పష్టంగా ఉండాలి. చౌక స్ట్రక్చర్ ఇచ్చే కంపెనీకి ఆర్డర్ ఇవ్వకండి.

పాలిషింగ్ యూనిట్, మాంగనీసు వైపు

యూనిట్‌లో కరెంటు ఎక్కువగా కోత దగ్గరే పోతుంది. అరిగిన బ్లేడుతో కోస్తే మోటారు ఎక్కువ లాగుతుంది, కోత వంకర వస్తుంది. నీటి పంపులకి వేగం మార్చే డ్రైవ్‌లు పెడితే మంచి ఆదా. స్లర్రీని (రాతిపొడి కలిసిన నీటిని) గుంటల్లో తేర్చి నీటిని తిరిగి వాడండి, ఊరి చెరువులోకి వదలకండి.

గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్ (ఉక్కు తయారీకి వాడే మాంగనీసు మిశ్రమ లోహం) పని వేరే స్థాయిది. ఒక టన్ను సిలికో మాంగనీసుకి దాదాపు 4,000 యూనిట్లు పడతాయి. ఫర్నేసులో వేసే కోకు కార్బన్ దానికి అదనం. అక్కడ గనిలో ఆదా చేసే డీజిల్ కన్నా ఫర్నేసుకి ఏ కరెంటు వస్తోందన్నదే పెద్ద ప్రశ్న. ఐరోపా సమాఖ్య సరిహద్దు కార్బన్ పన్ను 2026 జనవరి నుంచి పూర్తిస్థాయిలో మొదలైంది. అందులో ఫెర్రో మాంగనీసు ఉంది, సిలికో మాంగనీసు లేదు. గ్రానైట్ కూడా లేదు. మీకు పన్ను పడుతుందని భయపెట్టి ఎవరైనా సర్టిఫికెట్ అమ్మాలని చూస్తే నమ్మకండి.

ఎలక్ట్రిక్ టిప్పర్లు, పొక్లెయిన్లు

స్వీడన్‌లో ఐటిక్ రాగి గనిలో పెద్ద ట్రక్కులు రైలులా పైన తీగ నుంచి కరెంటు తీసుకుని ఎత్తు ఎక్కుతాయి. కెనడాలో బోర్డెన్ బంగారు గనిని లోపల డీజిల్ లేకుండా నడపాలనే కట్టారు. మన దేశంలో కూడా ఎలక్ట్రిక్ టిప్పర్లు అమ్ముతున్నారు. అవి మన క్వారీకి ఇప్పుడే కావాలా? క్వారీ నుంచి పది పదిహేను కిలోమీటర్లలో ఉన్న పాలిషింగ్ యూనిట్‌కి రోజూ ఒకే దారిలో తిరిగే బండి ఉంటే, యూనిట్‌లో సోలార్ ఉంటే, అద్దెకి ఒక బండి తీసుకుని ఒక సీజన్ చూడొచ్చు. విశాఖ పోర్టుకి సుమారు 150 కిలోమీటర్లు వెళ్ళే బ్లాకు లారీకి మాత్రం ఇప్పటికి డీజిలే. అక్కడ చేయగలిగింది తిరుగు ప్రయాణంలో ఖాళీగా రాకుండా లోడు చూసుకోవడం. పొక్లెయిన్ మార్చే వయసు వచ్చినప్పుడు ఎలక్ట్రిక్‌ది కూడా కొటేషన్ తెప్పించండి. మంచి కండిషన్‌లో ఉన్నదాన్ని తుక్కు చేసి కొత్తది కొనడం అనవసరం.

కొనేవాళ్ళకి చూపించే కాగితం

విదేశీ కొనుగోలుదారు కార్బన్ లెక్క అడిగితే మీ రిజిస్టరు నుంచే ఒక పేజీ తయారు చేయండి: ఏడాదిలో డీజిల్ లీటర్లు, కరెంటు యూనిట్లు, అమ్మిన క్యూబిక్ మీటర్లు, వాడిన గుణకాలు (లీటరుకి, యూనిట్‌కి ఎన్ని కిలోల కార్బన్ వేశారో). క్వారీలో కాల్చినది, కొన్న కరెంటు వల్ల వచ్చినది, బయటి లారీలది వేర్వేరుగా రాయండి. లీజు హద్దు వెంట నాటిన జీడిమామిడి, వేప మొక్కల పేరు చెప్పి ఈ లెక్కలో కార్బన్ తగ్గించి చూపకండి. పచ్చదనం పెంచడం ఎలాగూ మనం చేయాల్సిన పని. డీజిల్ పొగకి దాన్ని చెల్లు వేస్తే చదివేవాడికి మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. డీజిల్ బిల్లులు, కరెంటు బిల్లులు, పర్మిట్ల నకళ్ళు అదే ఫైలులో పెట్టి, రిజిస్టరు రాసే బాధ్యత ఒకే మనిషికి అప్పగించండి. అతను సెలవు పెట్టిన రోజు ఎవరు రాయాలో కూడా ఇప్పుడే చెప్పేయండి.